గొలుసుకందని నూనె

మల్లేష్ మిషన్ తాడు లాగగానే స్వరూప ఊపిరి బిగబట్టి ఒక అడుగు ముందుకు వేసేది. ఆమె చేతిలో మూతకు చిల్లు పొడిచిన కూల్‌డ్రింక్ సీసా, దాని నిండా మెకానిక్ షెడ్డు నుంచి తెచ్చిన కాలిన ఇంజన్ ఆయిల్. రంపం మిషన్ నీలగిరి చెట్టు మొదట్లోకి దిగుతుంటే ఆమె మొగుడి మోచేతి పక్కన వంగి నిలబడి, గొలుసు తిరిగే ఇనుప పట్టీ మీద ఆ ఆయిల్‌ను చుక్కలు చుక్కలుగా పోస్తుండాలి. ఎక్కువ పోస్తే గొలుసు దాన్ని తిప్పి తెచ్చి ఆమె మొహానే కొడుతుంది. తక్కువ పోస్తే పట్టీ కాలి పొగ లేస్తుంది, గొలుసు బిగుసుకుంటుంది, మల్లేష్ చేతుల్లో మిషన్ ఎగిరిపడుతుంది. ఎగిరిపడితే దాని మూతి ఎటు తిరుగుతుందో దేవుడికే తెలియాలి. చెట్టు ఒరిగేదాకా ఆమె కళ్లు ఆ పళ్ల మీద నుంచి కదలకూడదు.

ఈ పనికి పేరంటూ లేదు. అందుకని తోటి కూలీలు ఆమెకే పేరు పెట్టేశారు. 'సీసా వచ్చిందా', 'సీసా అన్నం తిన్నదా' అనేవాళ్లు. మొదట్లో స్వరూప కూడా నవ్వింది. నవ్వడం ఎప్పుడు మానేసిందో ఎవరూ గమనించలేదు.

నిజానికి మిషన్‌కు ఇంకో మనిషి సాయం అక్కర్లేదు. దాని కడుపులోనే ఆయిల్ ట్యాంకు ఉంది, లోపల చిన్న పంపు ఉంది. ఇంజన్ తిరిగినంతసేపూ ఆయిల్ తనంతట తానే గొలుసుకు అందాలి. బాపురావు దాన్ని బల్లార్‌పూర్‌లో ఎవరో పని మానుకున్నవాళ్ల దగ్గర పాతది కొన్నాడు. బాపురావు కోత ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు. విరూర్ చుట్టుపక్కల రైతుల నీలగిరి తోటలు కొట్టించి కాగితం మిల్లుకు కర్ర పంపిస్తాడు. పాతదైనా మిషన్ మొన్నటి దసరా దాకా బుద్ధిగానే నడిచింది. దానికి గ్రహణం పట్టింది దసరానాడే.

దసరాకు పనిముట్లు కడిగి పూజ చేయడం ఆ ఇళ్లలో రివాజు. గొడ్డలి, కొడవళ్లు, పార, వాటి పక్కనే మిషన్ కూడా పీట ఎక్కింది. మల్లేష్ తల్లి బాలమ్మకు దాని కడుపులో ఉన్న నల్లటి ఆయిల్ చూసి మనసొప్పలేదు. అమ్మవారి ముందు ఆ మైల నూనె ఏమిటని ఒంపేసి, గానుగలో అప్పుడే పట్టించిన అవిసె నూనె నిండా పోసి, పసుపు కుంకుమ పెట్టింది. ఇంట్లో కూరకు వాడే నూనె అది. అంతకంటే శుద్ధమైన వస్తువు ఆమె ఎరుగదు. ఆ తర్వాత ముసురు పట్టి కోత ఆగిపోయింది. అవిసె నూనెకు గాలి తగిలితే ఎండి జిగురవుతుంది, వడ్రంగులు తలుపులకు దాన్ని పూసేది అందుకే. మళ్లీ మిషన్ బయటికి తీసేసరికి ట్యాంకులో నూనె తుమ్మబంకలాగా సాగింది. గొలుసుకు చుక్క అందలేదు.

కోత ఆగకూడదని బాపురావు, కొట్టిన దుంగల తొక్క ఒలిచే ఆడవాళ్లలోంచి స్వరూపను లేపి ఆమె చేతికి సీసా ఇచ్చాడు. మిషన్ బాగయ్యేదాకా నాలుగు రోజులు అన్నాడు. దీపావళి పోయింది, సంక్రాంతి పోయింది, చలి కూడా మూట కట్టుకుంటోంది. ఆ నాలుగు రోజులు మాత్రం అయిపోలేదు.

బాపురావు ప్రతి పొద్దూ మోటారు సైకిల్ మీద తోటకు వచ్చేవాడు. పట్టీ మీద పొగ చూడగానే అతనికి బాలమ్మ గుర్తొచ్చేది. "నా మిషన్‌కు దీపం వెట్టిన అమ్మ ఎక్కడున్నది?" అని దుంగల మీదుగా కేకేసేవాడు. తొక్క ఒలిచే ఆడవాళ్లు పకపకమనేవాళ్లు. పెళ్లిళ్లలో పసుపు దంచడానికి ముందు పిలుపు అందుకునే పెద్ద మనిషి బాలమ్మ, ఆ ఆడవాళ్లతోపాటే తొక్క ఒలుస్తూ, ఆ నవ్వుల మధ్య తల వంచుకుని దుంగ మీద కొడవలి నడిపిస్తూ ఉండేది. ఒక్కనాడు కూడా ఎదురు చెప్పలేదు. తప్పు చేశానని నమ్మింది కాబట్టి చెప్పలేదు.

మల్లేష్ కూడా ఏమీ అనేవాడు కాదు. అదే స్వరూపకు ఒళ్లు మండించేది. కన్నతల్లిని నలుగురిలో ఆ మాటంటుంటే ఇతను వంగి పెట్రోలు మూత బిగించుకుంటూ ఉండేవాడు, అది ఎంతకూ బిగియనట్టు.

గురువారంనాడు అనంతరావు కనిపించాడు. వాగు అవతల ఉన్న నీలగిరి నర్సరీకి అతను సూపర్‌వైజర్. కిందటి ఎండాకాలం స్వరూప అక్కడ పనిచేసింది. లేత కొమ్మలు ఏటవాలుగా కోసి, మట్టి గొట్టాల్లో గుచ్చి, పచ్చ వల కింద నీడలో పేర్చడం. అందరి కొమ్మలూ సగం ఎండితే ఆమెవి దాదాపు అన్నీ వేరు పట్టేవి. ఆ సంగతి అనంతరావు మరిచిపోలేదు. ఒక మనిషి మానేసిందనీ, మంగళవారానికి స్వరూప రాకపోతే చోటు ఇంకొకరికి ఇవ్వక తప్పదనీ రోడ్డు మీద ఆగి చెప్పాడు. ఆ మాట కూడా ఆమెకు రెండోసారి అడిగితేగాని వినబడలేదు.

చెవులు అట్లా అయిపోయాయి. సాయంత్రం ఇంటికి చేరాక కూడా మిషన్ ఆమె తలలో తిరుగుతూనే ఉండేది. పోపు చిటపట వినబడక ఆవాలు మాడ్చేది. నర్సరీ అనగానే ఆమెకు ముందు గుర్తొచ్చింది నీడ కాదు, కూలి కాదు. అక్కడ మొక్కల మీద నీళ్లు చిలకరిస్తే ఆ చప్పుడు వినబడుతుంది. ఆ నిశ్శబ్దం కావాలని ఆమె ప్రాణం కొట్టుకుంది.

బాపురావును అడిగితే అతను ధర్మరాజులాగా చేతులు చాపాడు. మిషన్ బాగైన రోజే వెళ్లొచ్చట, తనేమీ కట్టేసుకోలేదట. అంతలోపల సీసా మనిషి వెళ్లిపోతే మాత్రం ఆ మిషన్ పాతదే అయినా అడిగేవాళ్లు చాలామంది ఉన్నారట, పెళ్లాం సాయం అక్కర్లేని మొగాడెవడికైనా ఇచ్చేస్తాడట. మల్లేష్ చేతిలోంచి మిషన్ పోతే మిగిలేది దుంగలు మోసే పని. అతని నడుము దానికి పనికిరాదు. ఉంటే చెవులు పోతాయి, పోతే మొగుడి పని పోతుంది. స్వరూప బతుకు అడకత్తెరలో పోకచెక్క అయింది.

ఆ సాయంత్రం మిషన్ తెచ్చి అరుగు మీద పెట్టినప్పుడు ఆమె ఒకటి గమనించింది. నిజానికి ఎన్నాళ్లుగానో చూస్తున్నదే, ఆ రోజు ఆలోచించింది. మిషన్ కింద పరిచిన గోనెసంచి ఆయిల్‌తో తడిసి ముద్దయి ఉంది. ఎప్పటికైనా అందుతుందేమోనని పొద్దున ట్యాంకు నిండా పోశారు, ఇప్పుడు అడుగంటింది. గొలుసు మాత్రం ఒట్టి పొడి.

"పంపు పోయిందంటివి. పంపు పోతే ట్యాంకుల ఆయిల్ ఎట్ల ఒడుస్తది?" అని మొగుణ్ని అడిగింది.

మల్లేష్ చేతులు తుడుచుకుంటున్నవాడు ఆగాడు. ట్యాంకు పాతది, కారుతుందేమో అన్నాడు. సామాను నాగ్‌పూర్ నుంచి రావాలన్నాడు. ఎవరితో చెప్పి పంపావని ఆమె అడిగేలోపే మిషన్ ఎత్తుకుని ఇంటి వెనక్కి వెళ్లిపోయాడు. రోజూ అక్కడే, గోడవైపు తిరిగి కూర్చుని, దాన్ని తనే విప్పి తనే తుడిచేవాడు. ఇంకొకరిని ముట్టనిచ్చేవాడు కాదు. సొంత మనిషి కంటే ఆ ఇనుప ముక్క మీద ఎక్కువ ప్రేమ అని స్వరూప అనుకుంది. మల్లేష్ బద్ధకస్తుడు కాడు. మరి ఈ ఒక్క పనికి ఎందుకిన్ని సాకులో ఆమెకు అంతుబట్టలేదు.

ఆదివారం మల్లేష్ కోర్పనా దగ్గర మేనమామ ఇంట్లో దినకర్మకు వెళ్లాడు. అతను సందు మలుపు తిరగగానే స్వరూప మిషన్‌ను గోనెసంచిలో కట్టింది. పెట్రోలు ఒంపేసింది. బాలమ్మ వాకిట్లో నిలబడి చూస్తోంది. మొగుడికి చెప్పకుండా ఎక్కడికని అడుగుతుందేమోనని స్వరూప మాటలు వెతుక్కుంది. బాలమ్మ లోపలికి వెళ్లి ఉతికిన చీర కట్టుకుని వచ్చింది.

"నేనూ వస్త బిడ్డా. చెడగొట్టింది నేనేనాయె. బాగుచేసేటోడు ఏమన్నా ఇనాలె గద, ఎట్ల బాగైతదో," అంది.

ఇద్దరూ బల్లార్షా ప్యాసింజర్ ఎక్కారు. సంచి ఒకరి ఒళ్లోంచి ఒకరి ఒళ్లోకి మారుతూ వచ్చింది. పక్కన కూర్చున్న ఆమె వంట సామానా అని అడిగితే బాలమ్మ అవునంది.

సమ్మన్న దుకాణం బల్లార్‌పూర్‌లో, బల్లార్షా స్టేషన్‌కు దగ్గరే, పురుగుమందు పంపులు, రంపం మిషన్లు బాగుచేసే చిన్న రేకుల షెడ్డు. అతను మాట తక్కువ మనిషి, కాని చేసేది చెబుతూ చేస్తాడు. ముందు ట్యాంకు మూత తీసి వాసన చూశాడు. వంకీ తీగతో లోపలి రబ్బరు గొట్టాన్ని బయటికి లాగాడు. దాని కొసన చిన్న జల్లెడ ఉంది. వెలుతురుకు పెట్టి చూశాడు.

బాలమ్మ గొంతు సర్దుకుంది. అవిసె నూనె సంగతి, దసరా సంగతి, కోర్టులో నేరం ఒప్పుకున్నట్టు మొదటి నుంచీ చెప్పుకొచ్చింది. సమ్మన్న విని, జల్లెడను ఆమె అరచేతిలో పెట్టాడు.

"గిండ్ల జిగురు యాడున్నది పెద్దమ్మా? ఎవ్వరో పెట్రోలు వోసి మంచిగ కడిగిండ్రు. గీ జల్లెడ సుత కొత్తది. నీ నూనె ఎప్పుడో పోయింది."

బాలమ్మకు అర్థం కాలేదు. స్వరూపకు అర్థం కావడం మొదలైంది గాని, ఎటు పోతుందో తెలియలేదు.

సమ్మన్న పక్క మూత విప్పి గొలుసునూ పట్టీనీ ఊడదీశాడు. ఇంజన్ పక్కన నూనెతో తడిసిన రంపపు పొట్టు ముద్దలు ముద్దలుగా పేరుకుని ఉంది. గుడ్డతో తుడిచి, ఉత్త ఇంజన్‌ను నడిపాడు. మిషన్ ఒంటి మీదున్న చిన్న రంధ్రంలోంచి ఆయిల్ బుడబుడ ఊరి కిందికి కారింది. పంపు నిక్షేపంలా ఉంది. అంటే మిషన్ ఆయిల్‌ను తెచ్చి పట్టీ వాకిట్లో పెడుతోంది, పట్టీ లోపలికి రానివ్వడం లేదు. దారి లేక అది పక్కనుంచి కారి సంచిని తడుపుతోంది.

ఇక పట్టీ మిగిలింది. గొలుసు నడిచే గాడిని సన్నటి రేకుతో గీకాడు, మామూలు మడ్డే వచ్చింది. పట్టీ మొదట్లో రెండు రంధ్రాలు ఉంటాయి, పైన ఒకటి, కింద ఒకటి. ఒకవైపు అరిగితే పట్టీని తిరగేసి వాడుకోవడానికి ఆ ఏర్పాటు. ఏ వైపు పెడితే ఆ వైపు రంధ్రం ఆయిల్ తాగుతుంది. సమ్మన్న పట్టీని కళ్ల దగ్గర పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. సన్నటి మొలతో ఒక రంధ్రంలో పొడిచాడు. తిరగేసి రెండో దాంట్లో పొడిచాడు. రెండు నల్లటి ముక్కలు బల్ల మీద పడ్డాయి.

రంపపు పొట్టు అయితే గోటితో నలిపితే పొడి అవుతుంది. అవి కాలేదు. వెదురు పుల్లను గుండ్రంగా చెక్కి, రంధ్రానికి సరిగ్గా సరిపోయేట్టు కోసిన మేకులు. పైకి కనపడకుండా అంచుకు సమంగా తెగ్గోసి ఉన్నాయి.

"ఒకటి మూసుకపోతే పొట్టు అనుకుంటం. రెండూ ఒక్క తీరుగ మూసుకపోవుడు పొట్టు పని గాదు, మనిషి పని," అన్నాడు సమ్మన్న. పట్టీ, గొలుసు మళ్లీ ఎక్కించి, మిషన్ మూతిని ఒక అట్ట ముక్క వైపు పెట్టి రేజ్ చేశాడు. అట్ట మీద సన్నటి ఆయిల్ గీత పడింది. ఇన్ని నెలలు స్వరూప వంగి వంగి పోసిన నూనె అంతా ఆ ఒక్క గీత.

మిషన్‌ను ముట్టే చెయ్యి ఆ ఇంట్లో ఒక్కటే. స్వరూప ఆ రెండు మేకులూ కొంగున ముడి వేసుకుంది.

తిరుగు రైల్లో ఆమెకు వచ్చినంత కోపం పెళ్లయినప్పటి నుంచి ఎన్నడూ రాలేదు. ఆ పళ్ల పక్కన మొహం పెట్టి నిలబడిన ప్రతి పూటా ఆమె కళ్ల ముందు తిరిగింది. ఎవరి కోసం నిలబడింది? ఎందుకు నిలబెట్టాడు? తల్లిని నలుగురూ వెక్కిరిస్తుంటే నోరు మూసుకుని, ఇంటి వెనక కూర్చుని వెదురు చెక్కుతాడా? బాలమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కొడుకు మాట ఎత్తకుండా, ఎవరి గురించో చెబుతున్నట్టు అంది:

"నూనెను అనుకుంటి గద నేను. దసరా నుంచి అమ్మోరికి మొక్కుకుంట వున్న, తప్పయింది తల్లీ అని."

సోమవారం పొద్దున మల్లేష్‌కు ఎవరూ ఏమీ చెప్పలేదు. అతను రాత్రి పొద్దుపోయి వచ్చి పడుకున్నాడు, మిషన్ అరుగు మీద ఎప్పటిలాగే ఉంది. తోటలో అతను తాడు లాగాడు. స్వరూప సీసా పట్టుకుని ఎప్పటి చోటే నిలబడింది. గొలుసు చెట్టులోకి దిగింది. ఆమె సీసా వంచలేదు.

మల్లేష్ ముందు చెయ్యి ఊపాడు, పొయ్యమని. ఆమె కదల్లేదు. పొగ లేవాలి, లేవలేదు. గొలుసు నల్లగా మెరుస్తూ వెన్నలో దిగినట్టు దిగింది. అతను దాన్ని చూశాడు. పట్టీని చూశాడు. చెట్టును సగంలోనే వదిలి ఇంజన్ ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో స్వరూప కొంగు ముడి విప్పి అరచెయ్యి చాపింది. మేకులు రెండూ చూసి మల్లేష్ అక్కడే దుంగ మీద కూలబడ్డాడు.

అడవి ఆ తోటకు ఆనుకునే ఉంది. మధ్యలో కంచె అంటే ఒక లంటానా పొద. వాగు ఇసుకలో పులి అడుగులు పడటం అక్కడ వార్త కాదు. బర్రె పోయిందంటేనో మనిషి పోయాడంటేనో వార్త. తొక్క ఒలిచే ఆడవాళ్లు రోడ్డువారగా గుంపుగా కూర్చుంటారు, మాట్లాడుకుంటూ ఉంటారు. కోసేవాడు లోపల ఒక్కడే ఉంటాడు, వంగి, అడవికి వీపు పెట్టి, చెవుల్లో ఆ మోత తప్ప ఇంకేమీ లేకుండా. వానల్లో ఇంకో ఠేకేదారు మనిషి ఒకడు అట్లాగే పులి నోట పోయాడు. ఆ సంగతి అందరికీ తెలుసు, అందరూ మరిచిపోయినట్టు ఉంటారు. మల్లేష్ ఆ మనిషిని వెతకడానికి వెళ్లినవాళ్లలో ఒకడు. ఏం చూశాడో ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాడు.

"మేం పోయేటాల్లకు మనిషి లేడు స్వరూపా. మిషన్ మాత్రం కింద వడి ఇంక తిరుగుతనే ఉన్నది. వానికి ఏం ఇనవడ్డదో, అసలు ఇనవడ్డదో లేదో." అతను తల ఎత్తలేదు. "నువ్వు సీసా వట్టుకొని పక్కకు నిలవడ్డ నాడు నాకు పానం నిమ్మళమైంది. అమ్మ నూనె ఎప్పుడో కడిగిన. కడిగినంక నువ్వు వోతవని గీ పని చేసిన."

భయమైతే చెప్పలేకపోయావా అని ఆమె అడిగింది. అడిగిన గొంతులో దయ లేదు.

"ఎవరికి జెప్పాలె? బాపురావుకా? మిషన్ ఆగితేనే మనిషిని ఇస్తడు గాని నా పానానికి ఇస్తడా?"

అది నిజమే. స్వరూప కోపంలో సగం ఆ నిజం తినేసింది. మిగతా సగం అట్లాగే ఉంది. తన కళ్లు పొద్దస్తమానం గొలుసు మీదే ఉంటాయి, తనెప్పుడూ అడవివైపు తల తిప్పింది లేదు. అట్లాంటి తనను పక్కన పెట్టుకుని ఇతను నిమ్మళంగా ఉన్నాడు. ఇతనికి కావలసింది కాపలా కాదు, పక్కన ఇంకో ఊపిరి. దానికోసం ఆమె చెవులు, చేతులు పళ్ల ముందు పెట్టాడు. పులి వస్తే ఇద్దరినీ చూసి ఒకరిని ఎంచుకునేది, అంతే తేడా.

బాపురావు వచ్చేసరికి ఆ చెట్టు ఇంకా సగం తెగి నిలబడే ఉంది. పట్టీ మీద ఆయిల్ చూసి అతను నిజంగానే సంతోషించాడు, మల్లేష్ భుజం తట్టాడు. సీసాను స్వరూప చేతిలోంచి తీసుకుని పొదల్లోకి విసిరేశాడు. ఇక ఆమె తొక్క ఒలుచుకోవచ్చు, నర్సరీకి పోదలిస్తే పోవచ్చు, అతను మాటంటే మాటే. మల్లేష్ మాత్రం తాడు లాగలేదు. కాయ్ రే, ఏమైందిరా అని బాపురావు అడిగాడు. మల్లేష్ మిషన్ పిడిని పట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. అతని నోటి నుంచి ఆ మాట రాదని స్వరూపకు తెలిసిపోయింది.

"ఎన్క ఒక మనిషి కావాలె భావూ. నూనెకు గాదు. అడివి దిక్కు చూసేతందుకు," అంది.

బాపురావు పగలబడి నవ్వాడు. పులికి కాపలా మనిషిని పెడితే ఆ మనిషికి ఇంకో కాపలా పెట్టాలి కదా అన్నాడు. తన తోటల్లోకి ఇన్నేళ్లలో ఒక్క పులి రాలేదన్నాడు. తర్వాత నవ్వు ఆపి, పొద్దుగూకేసరికల్లా ఈ వరస చెట్లు పడాలి, కోయలేనివాడు మిషన్ కింద పెట్టి పోవచ్చన్నాడు. రోడ్డువారగా ఆడవాళ్లు కొడవళ్లు ఆపి చూస్తున్నారు. మల్లేష్ చెవులు ఎర్రబడ్డాయి. ఎవరికీ చెప్పకూడదని ఇన్ని నెలలు దాచిన భయం తోటంతా పరుచుకుంది.

అప్పుడు బాలమ్మ లేచింది. చీరకు అంటిన తొక్క దులుపుకుని, కొడవలి చేతిలోనే పట్టుకుని, దుంగలు దాటుకుంటూ నింపాదిగా వచ్చింది. కొడుకు వెనక కోసిన మోడు ఒకటి చూసుకుని, అడవికి ఎదురుగా దాని మీద కూర్చుంది.

"మ్హాతారికి ఈడ కూలి రాదు," అన్నాడు బాపురావు ఆ ముసలామెను చూసి.

"అడిగిన్నా?" అంది బాలమ్మ.

బాపురావు దీపం సంగతి ఎత్తబోయి ఎందుకో ఊరుకున్నాడు. ఇంకా నిలబడే ఉన్నావేమని మల్లేష్‌ను కసిరి బండి ఎక్కాడు.

బాలమ్మ ఎడమ కంట్లో పువ్వు వేసింది. కుడి కన్ను ఎండలో నీళ్లు కారుతుంది. సూదిలో దారం ఎక్కించాలంటే కోడల్ని పిలుస్తుంది. వాకిట్లో నిలబడి, వచ్చేది ఇంటి కుక్కో పక్కింటి దూడో చెప్పలేదు. ఆ పొద దగ్గర ఏం కదిలినా ఆమెకు పొదే కదిలినట్టు ఉంటుంది. ఈ సంగతి స్వరూపకు తెలుసు, మల్లేష్‌కు తెలుసు, బాలమ్మకు అందరికంటే బాగా తెలుసు. మల్లేష్ తల్లి వీపును ఒకసారి చూసి తాడు లాగాడు.

నేనే ఉంటానని అనడానికి స్వరూపకు అప్పుడు వ్యవధి ఉంది. మాట గొంతు దాకా వచ్చింది. దాన్ని బయటికి రానివ్వకుండా ఆపింది తన చెవుల్లో హోరు అనీ, ఇంకా చల్లారని కోపం అనీ ఆమె తర్వాత తనకు తాను చెప్పుకుంది. బాలమ్మ కూడా వెనక్కి తిరక్కుండానే చేత్తో పొమ్మని సైగ చేసింది. స్వరూప వెళ్లి ఆ పూట తొక్క ఒలిచింది.

మంగళవారం నర్సరీలో ఆమెకు వల కింద మూలచోటు ఇచ్చారు. తడి మట్టి వాసన, చల్లటి నేల, గొట్టాల నుంచి పలచగా నీళ్లు చిమ్మే చప్పుడు. ఆమె పీట వేసుకుని కత్తి తీసుకుంది. లేత కొమ్మను ఏటవాలుగా కోసి, ఆకులు సగానికి తుంచి, మట్టిలో గుచ్చి, వేలితో అదిమింది. చెయ్యి ఏదీ మరిచిపోలేదు. పక్కన ఆడవాళ్లు ఎవరి ఇంట్లో పెళ్లి చూపులో చెప్పుకుంటున్నారు. ఎవరూ అరవనక్కర్లేదు, అన్నీ వినబడుతున్నాయి.

వాగు అవతల నుంచి మిషన్ మోత కూడా వినబడుతోంది. చాలా సన్నగా, చెవి దగ్గర జోరీగలాగా. దాని పక్కన నిలబడ్డప్పుడు అంతా ఒకటే మోత. ఇక్కడికి మాత్రం తేడాలన్నీ తెలుస్తున్నాయి. కర్రలోకి దిగేటప్పుడు గొంతు బరువెక్కుతుంది. చెట్టు పడితే తేలికవుతుంది. తర్వాత ఆగుతుంది. ఆగినప్పుడు ఆమె చెయ్యి ఆగింది. పెట్రోలు పోస్తున్నాడేమో అనుకుంది. గొలుసు బిగిస్తున్నాడేమో, అత్త నీళ్లు తాగుతోందేమో. మళ్లీ మొదలయ్యాక చూసుకుంటే చేతిలో కొమ్మ నలిగిపోయి ఉంది. దాన్ని పారేసి ఇంకొకటి తీసుకుంది.

పక్కామె ఏదో అడిగింది. స్వరూప చెయ్యెత్తి, ఒక్క నిమిషం అన్నట్టు ఆపింది. ఆమె చిన్నబుచ్చుకుని అటు తిరిగింది.

అనంతరావు వరసల మధ్య నడుస్తూ వచ్చి ఆమె దగ్గర ఆగాడు. గుచ్చిన కొమ్మలు చూసి తల ఊపాడు. ఆ మిషన్ గోల పక్కన ఇన్నాళ్లు ఎట్లా వేగావో గాని, ఇక్కడైతే హాయిగా ఉంటుంది కదమ్మా అన్నాడు.

"ఉంటది సార్," అంది స్వరూప.

అప్పటికి వాగు అవతల మోత మారింది. ఆగలేదు. కర్రలోకి దిగడమూ లేదు. ఊరికే, ఒకే తీరుగా, తేలిగ్గా తిరుగుతోంది. చెట్టు పడి ఉంటుంది, కొమ్మలు జరుపుకుంటూ ఉంటాడు, మిషన్ కింద పెట్టి ఉంటాడు. అట్లా చాలాసార్లు పెడతాడు. అనంతరావు ఇంకా ఏదో చెబుతున్నాడు. మోత అట్లాగే సాగుతోంది. స్వరూప కత్తిని కొమ్మలోనే ఆపి, తల ఎత్తి కూర్చుంది.